గుంటకు నడుమ గట్టు

గిరిబాబు మామకు,

ఫోన్‌లో నువ్వూ అత్తా నన్ను మాట్లాడనివ్వడం లేదు. అందుకే ఈ ఉత్తరం రాసి కోట ఊరికి వెళ్లే బస్సులో పంపుతున్నాను.

మీ రొయ్యల గుంటకు రోజూ ఎంత మేత వేయాలో చెప్పే యాప్‌ను నేను ముందుగా ఒక నమూనా గీసి, దాని నుంచి తయారు చేశాను కదా. ఆ నమూనాలో గుంట ఒక్కటే. ఇప్పుడు నువ్వు నడుమ గట్టు పోయించి ఒక సగం అత్తకు ఇచ్చావు. రెండు గుంటలతో కొత్త నమూనా గీయడం తేలికే. పాత వివరాలను అందులోకి మార్చడమే కష్టం. దాన్ని మా కంప్యూటర్ పాఠంలో రూపాంతరం అంటారు. ఎంత అందమైన మాటో! కానీ ఏ వైపుకు ఎన్ని రొయ్యలు చేరాయో ఆ మాటకు తెలియదు.

నిన్నడిగితే, "సగం సగం వేసెయ్ పాపా" అన్నావు. వెనక నుంచి సుప్రియత్త, "యాడ సగం? గట్టు పోసేటప్పుడు రొయ్యలన్నీ నీ పక్కకే తోలుకున్నావు గదా సామీ!" అంది.

సగం సగం అని రాయడం నాకు నిమిషం పని. అది తప్పయితే, రొయ్యలు తక్కువున్న వైపు మేత మిగిలి అడుగున కుళ్లుతుంది. నీళ్లు చెడి అత్త మొదటి పంటే పోతుంది. అప్పుడు తిట్లు తినేది కంప్యూటర్ కాదు, నేను.

కాబట్టి ఇద్దరూ గట్టెక్కి రెండు వైపులా వల వేసి ఎన్నెన్ని పడతాయో చూడండి. వల నువ్వు విసురు, లెక్క అత్త పెడుతుంది. అంతవరకు యాప్ ఆపేశాను. ఇద్దరూ కలిసి చెబితేనే ఆ లెక్క తీసుకుంటాను. నువ్వొక్కడివే చెప్పావంటే మాత్రం, మామా, యాప్‌లో రెండు గుంటలూ అత్త పేరుకే మార్చేస్తాను.

నీ గారాల మేనకోడలు