అమ్మ మంచం కింది నేల

క్వార్ట్‌సైట్ బయటి ఎడారి, అరిజోనా
జనవరి

ప్రియమైన తమ్ముడు కెర్మిట్‌కి,

ఫోన్ ఉండగా ఉత్తరమేమిటి, అక్కకి మతి పోయిందా అనుకుంటావు. మేం ఇల్లుగా చేసుకున్న ఈ మోటర్‌హోమ్ బండిలో నేను డ్రైవరు సీట్లో కూర్చుని గుసగుసలాడినా వెనక మంచం మీదున్న అమ్మకి వినపడుతుంది. బయటికెళ్లి మాట్లాడదామంటే సిగ్నల్ కోసం గుట్ట ఎక్కాలి. అమ్మ చెవిన పడకూడని మాట ఒకటి ఉంది. అందుకని కాగితం తీశాను.

నువ్వే గెలిచావు. నువ్వు చూసిన ఆ వృద్ధుల హోమ్‌లో అమ్మకి గది ఖాయం చెయ్యి. సముద్రం కనబడే పెద్ద కిటికీ ఉందన్నావు, చలిగాలి చొరబడకుండా అద్దాలు బిగించేశారన్నావు, మీట నొక్కితే నర్సు పరిగెత్తుకొస్తుందన్నావు. ఇన్నాళ్లూ నీ మాట కొట్టిపారేస్తూ వచ్చాను. ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. సంతోషపడకు, పడితే నాకు చెప్పకు.

సంగతేమిటంటే, అమ్మ మంచం వేసిన జారుడు గది ఉంది చూడు, బండి ఆపగానే మీట నొక్కితే పక్కకి బయటికి జరుగుతుందే, దాని నేల పుచ్చిపోయింది. మొన్న దుప్పట్లు మారుస్తుంటే మంచం కుడి కాలు దగ్గర నా మడమ కిందికి దిగింది. కార్పెట్ ఎత్తి హాలిస్‌ని పిలిచాను. హాలిస్ అంటే పక్క బండి ముసలాయన, ఒకప్పుడు పడవలు బాగుచేసేవాడు. ఆయన మోకాళ్ల మీద కూర్చుని స్క్రూడ్రైవర్ మొన ఆనించాడు, అంతే. నొక్కనైనా నొక్కలేదు, పిడి దాకా దిగిపోయింది.  ఎప్పుడూ ఏదో ఒకటి వాగే మనిషి దాన్ని బయటికి లాగి, కార్పెట్ మెల్లగా మళ్లీ కప్పేశాడు.

ఆ గది గాల్లో వేలాడుతూ ఉంటుంది కెర్మిట్. దాని కింద చక్రాలు లేవు, ఇనుప చట్రం కూడా రెండు కడ్డీలే. మిగతాదంతా అతికించిన చెక్క. దాని మీద మంచం, మంచం మీద మన అమ్మ, పక్కన ఆమె ఆక్సిజన్ మిషన్. నేను క్యాంపు లాండ్రీలో బట్టలుతికే డ్యూటీకి వెళ్లినప్పుడు ఆ నేల విరిగి ఉంటే? ఈ ప్రశ్న మొన్నటి నుంచి నన్ను తిననివ్వడం లేదు.

అదొక్కటే కాదు. అమ్మ చేతులు వణుకుతున్నాయి. నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి ఎన్నోసార్లు దుప్పటి అంచు తడిసి ఉండేది. ఏమైందమ్మా అంటే గ్లాసు ఒలికిందే అనేది. నీళ్లు కూడా తిన్నగా తాగలేని మనిషిని ఒంటరిగా వదిలి డ్యూటీకి పోతున్నానంటే నాకంటే బుద్ధిలేనిది ఉంటుందా?

బండి కొంటామని ఇక్కడే ఒక దంపతుల జంట అడుగుతోంది, నేల గట్టిపడ్డాకేనట. హాలిస్ సాయంతో బాగుచేసి అమ్మేస్తాను, తర్వాత నువ్వు వచ్చి మమ్మల్ని తీసుకెళ్లు. అమ్మకి నేల బాగుచేస్తున్నామని మాత్రమే చెప్పాను. "ఎండలు ముదిరాక ఏటా పోయినట్టే మళ్లీ కొండల మీదికి పోదామా?" అని అడిగింది. చూద్దాంలే అన్నాను. అలా అనేసి లాండ్రీకి పోయి, పెద్ద మిషన్ల చప్పుడులో ఎవరికీ వినబడకుండా ఏడ్చాను.

ఇట్లు,
నీ మొండి అక్క
మార్లిస్


అదే ఎడారి
ఫిబ్రవరి మొదట్లో

ఒరేయ్ కెర్మిట్,

ముందు కూర్చుని చదువు. నేనింకా కూర్చోలేకపోతున్నాను.

నేల తెరిచాం. ఈ ఎడారిలో ఒక బండి నేల తెరిచారంటే మిగతా బండ్లలోని వాళ్లంతా మడత కుర్చీలు పట్టుకుని వచ్చేస్తారు. సాయానికి కొందరు, సలహాకి అందరూ. సందులు పూడ్చే సీలెంట్ జిగురు విషయంలో ఇక్కడ ఒక్కొక్కరిది ఒక్కో మతం. ఒకాయన తెల్ల ట్యూబు తప్ప వాడితే పాపమంటాడు, ఇంకొకావిడ బూడిదరంగు ట్యూబు లేనిదే నిద్రపోదు. ఎవరి ఇంటి నేల తెరిచి ఉంటే ఆ ఇంటికి వంట మిగతావాళ్లదే, అది ఇక్కడి పద్ధతి. కాబట్టి రోజూ బీన్స్ కూర, మొక్కజొన్న రొట్టె. అమ్మ ముందు సీట్లో ముక్కుకి గొట్టంతో మహారాణిలా కూర్చుని అందరి రొట్టెలకీ వంకలు పెట్టింది.

జారుడు గది కింద దుంగలు, జాకీలు పెట్టి బరువంతా వాటి మీదికి తెచ్చారు. హాలిస్ కింద పడుకుని అడుగు చూశాడు. అక్కడ తెల్లటి వెడల్పు టేపు, చివరి నుంచి చివరి దాకా. అతికించింది నేనే. ఇక్కడ అందరూ అతికిస్తారు. దారిలో చక్రాలు చిమ్మే నీళ్లు చెక్కకి తగలకూడదని మా భయం.

"ఇదెవరు అంటించారమ్మాయ్?"

"నేనే. ఎంత శుభ్రంగా అంటించానో చూశావా?"

"చూశా. చుక్క బయటికి పోకుండా అంటించావ్. పైనుంచి దిగిన నీళ్లు ఎటు పోతాయ్? నువ్వు గొడుగు కట్టాననుకున్నావ్, కట్టింది తొట్టి."

టేపు చివర పట్టుకుని లాగాడు. నల్లటి నీళ్లు ఆయన చొక్కా మీద పడ్డాయి. కుర్చీల్లో ఉన్నవాళ్లు ఒక్కరూ నవ్వలేదు. ఆ సాయంత్రమే నలుగురు తమ బండ్ల కింద దూరి టేపులు పీకేసుకున్నారు.

తర్వాత పైనుంచి నేల కోశాం. ఆ చెక్కని నువ్వు చూసి ఉండాల్సింది. చెక్క అనడానికి లేదు, వేలితో నొక్కితే పొడి. పొరల మధ్య తెల్లటి నూలు పోగులు అల్లుకుని ఉన్నాయి, ఎవరో ఏళ్ల తరబడి ఓపిగ్గా కూర్చుని అల్లినట్టు. అసహ్యం వేయాల్సింది పోయి నేను నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయాను. మేం తింటూ, నవ్వుతూ, పోట్లాడుకుంటూ ఉండగా మా కిందే ఇంత పని జరిగింది, చప్పుడు లేకుండా. చివరి ముక్క ఊడదీశాక కింద ఇసుక కనబడింది. ఇన్నాళ్లూ అమ్మని మోసింది ఆ పాత కార్పెట్టే. దాన్ని తడిమి చూసి దణ్ణం పెట్టుకున్నాను, నవ్వితే నవ్వుకో.

మరి నీళ్లు ఎక్కడివి? హాలిస్ పైకప్పు చూశాడు, బాగుంది. గది చుట్టూ రబ్బరు పట్టీ చూశాడు, పగులు లేదు. లోపలి గోడ రేకు విప్పి, మరక వెంబడే వేలు పెట్టుకుంటూ పైకి పోయాడు. ఆ మరక అమ్మ మంచం పక్క కిటికీ మూల దగ్గర ఆగింది. ఆయన కిటికీ తెరిచే పిడి పట్టుకున్నాడు. బండిలో మిగతా పిడులన్నీ దుమ్ము పట్టి బిగుసుకుపోయి ఉన్నాయి. ఇది మాత్రం నున్నగా మెరుస్తోంది. ఒక్క వేలితో గిర్రున తిరిగింది.

ముందు సీట్లోంచి అమ్మ గొంతు వినబడింది.

"వెతికింది చాల్లే హాలిస్. నేనే తెరిచా."

"ఎప్పుడమ్మా?" అన్నాను.

"వానొచ్చినప్పుడల్లా. కొండల మీద రోజూ మధ్యాహ్నం వచ్చేది కదే. నువ్వు డ్యూటీలో ఉండేదానివి."

"మరి దుప్పటి తడి..."

"గ్లాసు ఒలకలేదు. నా చెయ్యి అంత వణకదు. నువ్వలా అనుకుంటుంటే అనుకోనీలే అని ఊరుకున్నా."

 అమ్మ ప్లైవుడ్ మిల్లులో ఏళ్ల తరబడి పనిచేసిన మనిషి! మన చిన్నప్పుడు ఇంటికొస్తే ఒళ్లంతా జిగురు వాసన.

"నీళ్లు తగిలితే ఆ చెక్కకేమవుతుందో నీకు తెలీదా అమ్మా?" అని అరిచాను.

"నాకు తెలిసినంత నీకు తెలుసా? మంచం కుడి కాలు దిగడం మొదలెట్టినప్పుడే తెలుసు. అందుకేగా ఎడమ పక్కకి జరిగి పడుకుంటున్నా."

"విరిగి పడిపోయుంటే?"

"పడితే ఎంత లోతే? కింద ఇసుకేగా."

హాలిస్ నవ్వు ఆపుకోలేక బయటికి పోయాడు. నేను ముందు సీటు దగ్గరికి వెళ్లాను. అప్పుడు అమ్మ గొట్టం సర్దుకుని, నా చెయ్యి పట్టుకుని చెప్పింది.

"పొద్దస్తమానం ఈ మిషన్ గాలేనే నాకు. దానికి వాసనుండదు, తడుండదు, ఏమీ ఉండదు. బతికిస్తుంది, కాదనను. వానొచ్చినప్పుడు గొట్టం కాసేపు తీసి పక్కన పెట్టేదాన్ని. కిటికీకి మొహం ఆనించేదాన్ని. తడి మన్ను, పొదలు, దేవదారు బెరడు, అన్నీ కలిపి వచ్చేవే. ఊపిరంటే అదీ. రెండు నిమిషాలు. నేల పాడవుతుందని తెలుసు. నేలా, ఊపిరా అని చూసుకున్నా. నేలంటే మళ్లీ వేసుకోవచ్చుగా."

 అక్కడే ఆమె సీటు పక్కన కింద కూలబడ్డాను. అమ్మ నా తల మీద చెయ్యి వేసి చాలా మామూలుగా అడిగింది.

"నన్నెప్పుడు పంపిస్తున్నారే?"

"ఎవరు చెప్పారు నీకు?"

"ఎవరు చెప్పాలి? వారం నుంచి నువ్వు నా మీద ఒక్కసారి కూడా అరవలేదు. అప్పుడే అనుకున్నా, ఇదేదో నన్ను వదిలించుకునే యవ్వారమేనని."

కెర్మిట్, నేను అమ్మని చూసుకుంటున్నానని ఊరంతా చెప్పుకున్నాను. అమ్మ తన ఊపిరి కోసం ఒంటరిగా పిడి తిప్పుకుంటూ, తన కింద నేల కరిగిపోతోందని తెలిసీ హాయిగా పడుకుందిరా. ఎనభై ఏడేళ్ల మనిషిలో ఇంత ధైర్యం ఎక్కడ దాక్కుందో నాకు అర్థం కావడం లేదు. ఏం చేయాలో కూడా తోచడం లేదు. నేల మాత్రం వేస్తున్నాం.

నీ అక్క
మార్లిస్


అదే ఎడారి
ఫిబ్రవరి చివర

నా బంగారు తమ్ముడికి,

నేల పూర్తయింది. నిన్న వాన పడింది. రెండూ చెప్పాలి.

పుచ్చినదంతా గట్టి చెక్క తగిలేదాకా కోసేశాం. మిగిలిన అంచుల్ని ఎండకి, ఫ్యాను గాలికి ఆరబెట్టాం. వాటికి ఆరితే రాయిలా గట్టిపడే రెసిన్ జిగురు పల్చగా పట్టించాం, చెక్క దాన్ని గటగటా తాగింది. పడవలకి వాడే కొత్త ప్లైవుడ్ తెచ్చి కొలతకి కోశాక, హాలిస్ బ్రష్ పట్టుకుని పైభాగానికి అదే రెసిన్ పూయబోయాడు. అమ్మ ఊరుకుంటుందా?

"ముందు అంచులు. చెక్క మొహంతో తాగదయ్యా, అంచుల్తో తాగుతుంది. ఇలా తే."

పలకని ఆమె కుర్చీ చేతుల మీద అడ్డంగా పెట్టాం. గొట్టం చెవుల వెనక్కి బిగించుకుని, బ్రష్ తీసుకుని, అంచు పొడుగునా ఒక్క గీతలా పూసుకుంటూ పోయింది. ఒక చుక్క కూడా కింద పడలేదు. వణుకుతున్నాయని నేను నీకు రాసిన చేతులే అవి. ఒక పూత ఆరాక ఇంకోటి, దాని మీద ఇంకోటి. మడత కుర్చీల్లో ఉన్నవాళ్లు సీలెంట్ మతాలు మర్చిపోయి అలా చూస్తూ ఉండిపోయారు. నేనూ అంతే. నేను పుట్టకముందు నుంచీ ఆ చేతులు చెక్కని ముట్టుకుంటున్నాయని నాకెప్పుడూ గుర్తు రాలేదు.

నేల బిగించాక బయటి అంచుకి రేకు వంచి తొడిగాం, నీళ్లు లోపలికి తిరగకుండా. అడుగున టేపు లేదు, కారాల్సిన నీరు కారిపోయేలా వదిలేశాం. కిటికీ మీద హాలిస్ ఒక చిన్న రేకు చూరు బిగించాడు, లోపల కిటికీ గట్టు మీద వాలుగా ఒక పళ్లెం, దానికి బయటికి గొట్టం. "ఇక నీ ఇష్టమొచ్చినంత తెరుచుకో ఆర్విల్లా. నీళ్లొచ్చినా నా పళ్లెంలోకే," అని అమ్మతో అన్నాడు. 

నిన్న మధ్యాహ్నం మబ్బు పట్టింది. నేను డ్యూటీ మానేశాను. అమ్మ మంచం మీద కూర్చుంది, కొత్త నేల కిర్రుమనలేదు. మొదటి చినుకులు ఇసుక మీద పడగానే గొట్టం తీసి నా ఒళ్లో పెట్టి పిడి తిప్పింది. నేను కూడా ఆమె పక్కన మొహం పెట్టాను. ఇన్ని చలికాలాలు ఈ ఎడారిలో గడిపాను గానీ ఆ వాసన నేనెప్పుడూ ఆగి పీల్చలేదు. ఆ పొదలు, ఆ మన్ను ఏడాదంతా దాచుకున్నదేదో ఒక్కసారిగా వదిలేశాయి. నాకు గుండె నిండిపోయి కన్నీళ్లు వచ్చాయి. అమ్మ కళ్లు మూసుకుని నవ్వుతోంది. పెదవులు కాస్త నీలంగా మారగానే తనే గొట్టం అడిగి పెట్టుకుంది. దానికీ ఆమెకో లెక్క ఉంది.

వాన వెలిశాక బండి కిందికి దూరి అడుగంతా చేత్తో తడిమాను. పొడిగా ఉంది. బయటికొచ్చి, బండి కొంటామన్న ఆ దంపతుల దగ్గరికి వెళ్లి, అమ్మడం లేదని చెప్పేశాను. ఎండలు ముదరగానే కొండల మీదికి పోతున్నాం. అక్కడి లాండ్రీలో నా డ్యూటీ పొద్దుటి పూటకి మార్చమని అడుగుతాను, మధ్యాహ్నం వానలకి నేను ఇంట్లో ఉండాలి.

నువ్వు బాధపడతావని తెలుసు. నీ భయం తప్పు కాదు, అదే భయంతో నేనూ నీకు ఆ మొదటి ఉత్తరం రాశాను. అమ్మ తనూ నాలుగు ముక్కలు రాస్తానంటోంది. ఈ కింద చోటు ఆమెకి వదులుతున్నాను.

నీ అక్క, మళ్లీ అరవడం మొదలుపెట్టిన
మార్లిస్


కెర్మిట్ నాయనా,

నాకోసం చాలా తిరిగావట. గది మంచిదట, సముద్రం కనబడుతుందట. నువ్వు చిన్నప్పుడూ ఇంతే, నాకు చలేస్తుందని నీ కోటు తెచ్చి నా మీద కప్పేవాడివి.

ఒక్కటి కనుక్కుని చెప్పు. ఆ కిటికీ తెరుచుకుంటుందా?

తెరుచుకునే గది దొరికితే చూద్దాం, కాళ్లు బొత్తిగా పడిపోయాక. ఈలోపు నువ్వే ఒకసారి రా. కొండల మీదికి రా, వానల్లో. వచ్చేటప్పుడు నీ దుప్పటి నువ్వు తెచ్చుకో, ఇక్కడివి తడిగా ఉంటాయి.

అమ్మ