మధ్యలో కూర్చునే మనిషి

పోర్ట్ విలా, జూన్ 3

ప్రియమైన నాన్నకి,

నాకు విసుగొచ్చేసింది. మన భాష మాట్లాడేవాళ్లు లోకంలో ఇద్దరే మిగిలారు, నువ్వూ ఎట్లిన్ అత్తా. ఆ మాటలు రికార్డు చేయడానికే ఆఫీసు నన్ను మన మలేకులా దీవికి పంపింది. నెలంతా ఉండి ఏం తెచ్చాను? నువ్వు చెప్పిన చేపల పేర్లు, అత్త చెప్పిన పెండలం దుంపల పేర్లు. ఇద్దరు మనుషులు కబుర్లాడుకోవడం కావాలి నాన్నా. ఒక్క చాప మీద కూర్చోబెడితే నువ్వు లేచి పందుల దొడ్డిలోకి పోయావు, అత్త మొహం తిప్పుకుంది. ఆచారమని నాకూ తెలుసు. భాష పోయాక ఆ ఆచారాన్ని ఏం చేసుకుంటారు?

నీ మీద కోపంగా,
రోలీన్

మలేకులా, జూన్ 24

ప్రియమైన రోలీన్‌కి,

సిగ్గులేదటే నీకు? ఎట్లిన్‌కి పదేళ్లు వచ్చినప్పటి నుంచి మేం అన్నాచెల్లెళ్లం ఎదురెదురుగా ఒక్క మాట అనుకోలేదు. మీ అమ్మ మధ్యలో కూర్చునేది. నేను అమ్మకి చెప్తే అమ్మ దానికి చెప్పేది. తిట్లయితే ఇంకాస్త కారం కలిపి మరీ చేరవేసేది. అమ్మ పోయాక ఆ చోటు ఖాళీ. నీకు మన భాష వస్తే నువ్వే కూర్చునేదానివి. స్కూలు చదువు పాడవుతుందని నేర్పలేదు. ఆ తప్పు నాదే.

నాన్న

పోర్ట్ విలా, జూలై 20

ప్రియమైన నాన్నకి,

టేపులు విని నేర్చుకుంటున్నాను. నవ్వకు. క్రిస్మస్‌కి వచ్చి మధ్యలో నేనే కూర్చుంటా. తప్పు చెప్తే ఇద్దరూ తిట్టండి. ఈ సంగతి అత్తకి చెప్పు. అయ్యో, నువ్వు చెప్పకూడదుగా, ఎవరితోనైనా చెప్పించు.

ప్రేమతో,
రోలీన్

మలేకులా, సెప్టెంబర్ 19

ప్రియమైన రోలీన్‌కి,

ఆదివారం ఎట్లిన్ పోయింది. మూడు రోజుల జ్వరం, అంతే. నువ్వు వస్తావని పక్కింటావిడతో కబురు చేస్తే, "దాని నాలుక తిరుగుతుందా?" అని నవ్విందట.

చచ్చిపోయినవాళ్లతో మాట్లాడకూడదని ఆచారం లేదు. పాతిపెట్టిన మర్నాటి నుంచి రోజూ పొద్దున్నే వెళ్లి సమాధి పక్కన కూర్చుంటున్నాను. మధ్యలో ఎవరూ అక్కర్లేదు. అరవై ఏళ్ల మాటలున్నాయి. దాని మొగుణ్ణి తిట్టాను, నా తోటలోంచి అది పీక్కుపోయిన దుంపల గురించి దెబ్బలాడాను, మీ అమ్మ ఎలా పోయిందో చెప్పాను. గొంతు బొంగురుపోయింది.

క్రిస్మస్ దాకా ఆగకు. ఆ రికార్డింగ్ మిషన్ పట్టుకుని ముందొచ్చే ఓడెక్కు. నిన్న దాన్నొక మాట అడిగి, జవాబు కోసం చాలాసేపు కూర్చున్నాను.

నాన్న