చూసిందే చెప్పాను తాతా

తాతా, నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. నీ మనవరాలికి డ్రైవర్‌గా ఉన్నప్పుడు, కారెక్కిన నీ చేతి మీది అంకెలు చూసి, "ఏంది తాతా, లాటరీ నంబరా?" అని వెకిలిగా నవ్వాను. యూదులను చంపే నాజీల క్యాంపులో పొడిచిన పచ్చబొట్టన్నావు. ఆ హంతకులను ఏళ్ళ తరబడి వెతికి కోర్టుకెక్కించావట. "సాక్ష్యంలో చూడనిది కలిపితే చూసింది కూడా పోతుంది" అన్నావు.

ఇప్పుడు గల్ఫ్‌లో, ముసఫ్ఫాలో కూలీలను పనికి చేర్చే కంపెనీ బస్సు నడుపుతున్నాను. మాతో పనిచేసే రాజన్న పరంజా మీద నుంచి పడి చనిపోయాడు. ఆ రోజు బస్సుతో అక్కడే ఉన్నాను కాబట్టి ఇవాళ కోర్టులో నేనే సాక్షిని.

"వీడు పెద్ద జోకర్ సాబ్, వీడి మాట నమ్ముతారా?" అని జడ్జితో మా సూపర్‌వైజర్ నవ్వాడు.

వాడే తోశాడని ఒక్క మాట కలిపితే వాడి పని ఖలాస్. నాలుక దురదపెట్టింది.

"తోసుడు నేను చూడలే సాబ్. రాజన్న సేఫ్టీ బెల్టు అడిగితే, 'యల్లా, జల్ది ఎక్కు' అని ఈయన అనుడు విన్న."

తీర్పు ఇంకా రాలేదు తాతా. వాడు మాత్రం నవ్వడం ఆపాడు.