క్యాసెట్ చివర మిగిలిన పాట

1990 జులై 27, శుక్రవారం, కువైట్
సెలవు. కంపెనీలో నాతో పనిచేసే ఆంటన్ గదిలో నా పాటలన్నీ రికార్డు చేశాం. నా గిటారు, అతని డ్రమ్ము. ఒకే ఒక్క క్యాసెట్. గిటారు అమెరికా కౌబాయ్ పాటల్లా పరిగెడుతుంది, మాటలు మాత్రం మా కడపవి. బుర్రకథ చెప్పే అమ్మ తంబుర లేదు, పక్కన వాయించే నాన్న గుమ్మెట లేదు. ఇందులో నేను ఎవరి కొడుకునూ కాను. ఎంత సంతోషంగా ఉందో!

జులై 28
మంగఫ్‌లో మా గదివాళ్లకు వినిపించాను. ఓబులేసన్న పడుకునే విన్నాడు. "బాగుందిలే అబ్బీ. ఇంగ మీయమ్మ బుర్రకథ పెట్టు, నిద్ర పడ్తాది."
సీమలో ఏ జాతరకెళ్లినా అమ్మానాన్నల కథే. సముద్రం దాటొచ్చినా అదే. గిటారు గోడకు తగిలించేశాను.

ఆగస్టు 2
తెల్లారేసరికి ఫిరంగుల మోత. ఇరాక్ సైన్యం వచ్చేసిందట. కంపెనీ బస్సు రాలేదు.

ఆగస్టు 6
నన్ను పనిలో పెట్టుకున్న అరబ్బు యజమాని, మా కఫీల్, సౌదీకి పారిపోయాడు. నా పాస్‌పోర్టు అతని బీరువాలోనే. ఫోన్లు లేవు. ఉత్తరాలు లేవు. ఆంటన్ ఎక్కడున్నాడో...

ఆగస్టు 11
ఇళ్లల్లో పనిచేసే మా సీమ సుబ్బమ్మక్క నడిచొచ్చింది, సంచి కూడా లేకుండా. పనిచేసే ఇంటివాళ్లు కార్లెక్కి వెళ్లిపోయారట. "ఆ ఇంటామె తాళాలు నా చేతిలో పెట్టి పాయె తమ్ముడూ. రోంత అన్నముంటే పెట్టండి."
కింది అంతస్తులో ఆడవాళ్ల దగ్గర చోటు చూశాం.

ఆగస్టు 19
ఓబులేసన్నకు బస్సులో చోటు దొరికింది. బాగ్దాద్ మీదుగా అమ్మాన్, అక్కణ్నుంచి విమానం. అందరూ ఆయన చుట్టూ చేరారు, ఇంటికో కబురు చెప్పమని.
"ఉత్తరాలొద్దు, చెక్‌పోస్టులో చించుతారంట. ఎప్పట్లాగే క్యాసెట్లో మాట్లాడియ్యండి. పాటలనుకుంటారు."
ఖాళీ క్యాసెట్ ఒక్కటీ లేదు. దుకాణాలన్నీ మూత. గదిలో ఉన్నవి రెండే — అమ్మ బుర్రకథ, నా పాటలు.

ఆగస్టు 20
"అమ్మ కథ చెరిపేకి చేతులెట్లొస్తాయి? నీవి మళ్లా పాడుకుంటావు గదబ్బా." అన్నది ఓబులేసన్న ఒక్కడే. మిగతావాళ్లు తలలూపారు.
మళ్లీ ఎక్కడ పాడను? డ్రమ్ము ఎవరు వాయిస్తారు?
అమ్మది కొన్న క్యాసెట్, మీద రికార్డు కాకుండా అంచున చిల్లు ఉంటుంది. ఆ చిల్లు మీద ప్లాస్టరు అంటిస్తే దాని మీదా రికార్డవుతుంది. చెబుదామని నోరు తెరిచాను. తుపాకులు మోగిన సాయంత్రాలన్నీ ఆ గొంతు వింటూనే గడిపాం. నేనూ అంతే. నోరు మూసుకున్నాను.
నాదే ఇచ్చాను. ఏడుపొచ్చింది. అమ్మ మీద కోపమూ వచ్చింది, ఆమె చేసిందేమీ లేకపోయినా.

ఆగస్టు 21
మీట నొక్కే పని నాదే. ఒక్కొక్కరూ వచ్చి కూర్చుంటున్నారు. "బాగుండాం... బియ్యముండాయి... భయపడాకండి." అన్నీ అబద్ధాలే. ఒక్కో గొంతు కింద నా ఒక్కో పాట పోతోంది.
సుబ్బమ్మక్క రెండు చేతులా టేప్‌రికార్డరు పట్టుకుంది. "నాయనా... తిన్నావా?" అంతే. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మీట నొక్కి ఆపేశాను.
కడాకు నా వంతు. "నేను బాగున్నానమ్మా" అన్నాను. వెంటనే మీట నొక్కి ఆపేశాను.
తిప్పి విన్నాను. నా మాట తర్వాత టక్కుమని చిన్న చప్పుడు. ఆ వెంటనే గిటారు! ఆఖరి పాట, సగం నుంచి.
"రోంత మిగిలిందే, చెరిపేద్దామా?" అన్నాడు ఓబులేసన్న.
"ఉండనీ అన్నా."

ఆగస్టు 22
బస్సు వెళ్లిపోయింది. "అందరిండ్లల్లో వినిపించి కడాకు మీయమ్మ చేతికిస్తా" అన్నాడు ఓబులేసన్న. క్యాసెట్ పంచెల మడతలో పెట్టుకున్నాడు.
సాయంత్రం ఎవరో అమ్మ కథ పెట్టారు. అమ్మ నవ్వే చోట అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

సెప్టెంబరు 3
ఏ కబురూ లేదు. ఎడారిలో బస్సులు రోజుల తరబడి ఆగిపోతున్నాయట.

సెప్టెంబరు 9
గిటారు తీగ ఒకటి తెగింది. కొత్తది దొరకదు.
క్యాసెట్ చేరిందనుకుందాం. అమ్మ, నాన్న పక్కపక్కనే కూర్చుని వింటారు. నా మాట వినగానే అమ్మ కళ్లు తుడుచుకుంటుంది. అయిపోయిందనుకుని మీట మీద వేలు పెడుతుంది...
ఆపకమ్మా. ఇంకొంచెం తిరగనీ.