నాన్న వేళ్ళకు తగ్గ కీబోర్డు

నాన్నా,

బల్ల మీద ఇస్త్రీపెట్టె బరువు కింద ఉన్నది నీ కీబోర్డు. జిగురు ఆరడానికి నాలుగవుతుంది, అప్పటిదాకా కదపకు. పక్కన టీ గ్లాసు పెట్టకు.

ఆరాక వైరు ట్యాబ్‌కి గుచ్చి, రెండు చేతులా పట్టుకుని బొటనవేళ్ళతో గట్టిగానే నొక్కు. రెండు పాత క్యాలిక్యులేటర్ల బటన్లు అవి, విరగవు. ఒక బటన్ తక్కువైతే నీ నీలం చొక్కా గుండీ పీకి అతికించాను, వెతుక్కోకు. ముప్పై ఏళ్ళు వెల్డింగ్ చేసి కాయలు కాసిన వేళ్ళని ఆ ట్యాబ్ అద్దం గుర్తుపట్టకపోతే తప్పు అద్దానిదే. దీన్ని చేస్తూ రెండుసార్లు తీగలు కాల్చుకున్నా నేను వదల్లేదు. ఇక నీ మెసేజ్‌లు నువ్వే కొట్టుకో. నాకు డ్యూటీ టైమైంది, ఏడింటికల్లా వస్తా.

ఇంకో మాట. బాబాయికి పంపమని నువ్వు చెప్పిన తిట్లు నేను ఒక్కటీ పంపలేదు. ప్రతిసారీ నీ పేరు మీద "ఎలా ఉన్నావురా" అనే కొట్టాను. జవాబు రాలేదని నీతో చెప్పింది కూడా అబద్ధమే. బాబాయి జవాబులన్నీ ట్యాబ్‌లోనే ఉన్నాయి, కూర్చుని చదువు. ఈ ఆదివారం వస్తానంటున్నాడు. వద్దనాలనుంటే నీ వేళ్ళతో నువ్వే కొట్టు. నేను మాత్రం కొట్టను.