రెండు మార్కుల వీడియో

ఒరేయ్ సాల్మనూ,

నువ్వు పోయి నేటికి ఏడాది. నీలాగే ఆ రాక్ బ్యాండు కచేరీల వీడియోలు పోగుచేసే తాడేపల్లిగూడెం మాస్టారు ఇవాళ మనింటికొచ్చారు. ఇలా పోగుచేసే మీవాళ్ళలో కొనడాలు ఉండవట, ఒకటిచ్చి ఒకటి పుచ్చుకోవడమేనట. నీ డిస్కులన్నీ టీవీలో వేసి చూసి, బొమ్మకీ ధ్వనికీ మార్కులు రాసుకున్నారు. నువ్వు స్వయంగా కచేరీకెళ్ళి తీసినదానికి మాత్రం పదికి రెండే వేశారు.

"తీసినబ్బాయి పాట పొడుగునా గొంతు కలిపేశాడండీ. కంప్యూటర్లో పెట్టి ఆ గొంతు తీయించేస్తానండీ, అప్పుడు బాగుంటుంది."

ఇంట్లో నువ్వలా పాడుతుంటే నోర్మూసుకోమని కసిరేవాణ్ణి. నీ గొంతు బాగుండేదని ఇప్పుడూ అనను.

"ఆ అబ్బాయి మావాడేనండీ," అన్నాను. "తీయగలిగితే పాట తీయించండి. గొంతు ఉంచండి."

మీ నాన్న