ఎడమవైపు పొయ్యి

పూజ్యులైన అత్తయ్యగారికి, మీ కోడలు నమస్కారాలతో రాస్తున్నది.

ఇక్కడ మీ అబ్బాయి, నేను కులాసాగా ఉన్నాం. అక్కడ మీరూ బాగానే ఉన్నారని వదిన ఫోన్లో చెప్పింది. మీ నోటితో మీరు చెప్పలేదు కనుక దాన్ని సగమే లెక్కలో వేసుకున్నాను.

అక్షరాలు పెద్దవి చేసి, లావు పెన్నుతో, వరసకీ వరసకీ మధ్య చోటు వదిలి రాస్తున్నాను. మీ భూతద్దం పెట్టుకుని నెమ్మదిగా చదువుకోండి. ఆలస్యమైనా సరే, వదిన చేత మాత్రం చదివించుకోవద్దు. ఎందుకో అక్కడికి వచ్చాక మీకే తెలుస్తుంది.

కిందటి ఉత్తరంలో మీరు అడిగినవాటికి వరసగా జవాబు చెబుతాను. ఆఖరి ప్రశ్న ఆఖరికే ఉంచుతాను.

పాత గ్యాసు పొయ్యి ఏం చేశావని అడిగారు. అమ్మలేదు, పారేయలేదు. శుభ్రంగా తోమి, పాత దుప్పట్లో చుట్టి అటక మీద పెట్టించాను. దాని సంగతి మీరు వచ్చి తేల్చండి.

గట్టు రాయి కింద బిగించిన కొత్త కరెంటు పొయ్యి గురించి, నిప్పు లేకుండా వంట ఎలా అవుతుంది, రాయి పగలదా అన్నారు. దాన్ని బిగించడానికి వచ్చిన ఫిట్టర్ని నేనూ ఇదే అడిగాను. అప్పుడాయన గట్టు కింద అలమారలో వెల్లకిలా దూరి ఉన్నాడు. కాళ్ళు మాత్రమే బయటికి కనిపిస్తున్నాయి.

“ఇది వేడిని ఓర్చుకునే రాయమ్మా. పాత బండైతే పగిలేదే. అయినా కింద ఉన్న తీగ చుట్ట రాయిని వేడెక్కించదు, నేరుగా గిన్నెనే వేడెక్కిస్తుంది. గిన్నె వేడి మళ్ళీ రాయికి దిగుతుంది. అందుకే మధ్యలో ఈ రబ్బరు చాప వెయ్యాలి. మరిచిపోయారా, రాయి పాడై నన్ను తిట్టుకుంటారు” అని ఆ కాళ్ళే నాతో మాట్లాడాయి.

చుట్టలు రెండు, పళ్ళేలంత ఉన్నాయి. రెండూ గట్టు కింద బిగించేశాడు. పైన చూస్తే ఏమీ లేదు, ఎక్కడ గిన్నె పెట్టాలో చెప్పే రెండు సన్నని గుర్తులు తప్ప. కింద గాలి ఆడాలన్నాడు కనుక పప్పుల డబ్బాలు అక్కడినుంచి తీసి కిటికీ పక్క అరలోకి మార్చాను. వరస మార్చలేదు. మీరు చెయ్యి పెడితే మొదట తగిలేది కందిపప్పే.

గట్టు ఖాళీగా కనిపించడంతో ఒక చిక్కు వచ్చింది. మీ అబ్బాయికి ఖాళీ చోటు కనిపిస్తే ఏదో ఒకటి పెట్టకుండా ఉండలేరు కదా. ఒకరోజు పొద్దున తన స్టీలు క్యారియరు తెచ్చి సరిగ్గా కుడివైపు గుర్తు మీద పెట్టి, చెప్పులు వేసుకోవడానికి వెళ్ళారు. నేను చూసుకోకుండా ఎడమదనుకుని కుడి పొయ్యి మీట తిప్పాను. కింది గిన్నెలో పెరుగుంది. సాయంత్రం వచ్చి, “వండినదాన్నే మళ్ళీ వండావేంటి? ఆఫీసులో మూత తీస్తే పెరుగు పొగలు కక్కుతోంది” అన్నారు. “పొయ్యి మీద డబ్బా పెట్టిందెవరు?” అన్నాను. “పొయ్యి ఎక్కడుందో ముందు నాకు చూపించు” అన్నారు. ఇద్దరం నవ్వుకున్నాం. తరవాత నాకు మీరు గుర్తొచ్చి నవ్వు ఆగిపోయింది.

మీ గిన్నెల గురించి బెంగ పెట్టుకున్నారు. అయస్కాంతం తీసుకుని ఒక్కో గిన్నె అడుగునా పెట్టి చూశాను. అది అతుక్కుంటేనే ఆ గిన్నె పనికొస్తుందట. అల్యూమినియం గిన్నెలకి అతుక్కోలేదు, బియ్యానికీ పిండికీ వాడుకుందాం. మీ ఇనప పెనానికి అతుక్కున్నదాన్ని మాత్రం ఊడదీయడానికి రెండు చేతులూ కావాల్సొచ్చాయి.

ఇక మీ ఆఖరి మాట. “పొయ్యే కనిపించని వంటింట్లో కళ్ళు కనిపించనిదాన్ని నాకేం పని?” అని రాశారు. ఆ ఉత్తరం చదివి మడిచి పెట్టాను గానీ, కూర తరుగుతున్నా ఆ మాటే, బట్టలు ఆరేస్తున్నా ఆ మాటే.

పాలు పొంగి మంట ఆరిపోయి ఇల్లంతా గ్యాసు వాసన వచ్చిన రోజున మీ అబ్బాయి నాతో, “ఇక అమ్మని పొయ్యి దగ్గరికి రానివ్వకు” అన్నారు. హాల్లో ఉన్న మీకు అది వినబడింది. ఆ సాయంత్రమే వదిన దగ్గరికి వెళతానని సంచి సర్దుకున్నారు. తరవాత నేను ఈ పొయ్యి పెట్టిస్తే, మిమ్మల్ని బయటికి పంపడానికే పెట్టించాననుకున్నారు. అలా అనుకోవడంలో మీ తప్పేం లేదు. అందరికీ నేను చెప్పింది, తుడవడం సులువు, చూడ్డానికి బాగుంటుంది అనే.

అసలు సంగతి ఇది. మీ అబ్బాయి పాలకి భయపడ్డారు. నా భయం వేరు. అంతకు కొద్దిరోజుల ముందు ఉప్పు డబ్బా కోసం చెయ్యి చాపినప్పుడు మీ కొంగు అంటుకుంది. మీరు అరవలేదు. కొంగు సింకులో ముంచి, కిటికీ తెరిచి, నన్ను చూసి “చెయ్యి జారి నీళ్ళు పడ్డాయే, చీర మార్చుకుని వస్తా” అన్నారు. నేను అప్పుడే రాలేదు అత్తయ్యా. అంతకుముందునుంచీ గుమ్మంలోనే ఉన్నాను. నేను అడుగు వేసేలోపే మీరు కొంగు ముంచేశారు. మర్నాడు మీరు కాలినంత మేర కత్తిరించి కుట్టుకున్నారు. ఆ కుట్టు వంకర పోయింది. మీ చేతి కుట్టు వంకర పోవడం నేనెప్పుడూ చూడలేదు.

చూశానని చెబితే మీరు సిగ్గుపడి వంటింట్లోకి రావడమే మానేస్తారు. చెప్పకపోతే మళ్ళీ అంటుకుంటుంది. ఈ రెంటికీ మధ్య నాకు తోచింది, మంట లేని పొయ్యి. గట్టు మీద గడ్డలూ గుబ్బలూ లేకుండా, కొంగు ఎటు పడినా ఏమీ కానిది. ముట్టుకుంటే పనిచేసే మీటలు వద్దన్నాను. ఫిట్టరు, “అవే ఫ్యాషనమ్మా” అన్నాడు. “మా ఇంట్లో ఫ్యాషన్ వద్దు, టిక్కుమని చప్పుడు కావాలి” అన్నాను. వెతికి తెచ్చి, అలమార ముఖాన తిప్పుడు మీటలు పెట్టాడు. ఒక్కో టిక్కుకి ఒక్కో మెట్టు వేడి. పాలకి రెండు టిక్కులు చాలు.

మీకు చేతనవుతుందో లేదో ఊరికే కూర్చుని ఎలా చెప్పగలను? అందుకని ఆయన ఆఫీసుకి వెళ్ళాక కళ్ళకి తువ్వాలు కట్టుకుని వండుతున్నాను. మొదట్లో గిన్నె పెట్టాల్సిన చోటు దొరకలేదు. తరవాత తెలిసింది, చేతికి తగలాల్సింది ఆ గుర్తు కాదు, రబ్బరు చాప. దాని అంచు మరీ నున్నగా ఉంది. అందుకని చుట్టూ గుడ్డ కుట్టాను, గిన్నె అడుగుకి దూరంగా. ఒకసారి గిన్నె దించితే చాప కూడా దానికి అంటుకుని లేచిపోయింది. కింద రాయి మీద అరచెయ్యి ఆనించాను, కాలింది. కంగారు పడకండి, మానిపోయింది. ఇప్పుడు గిన్నె దించగానే ఆ చోటు మీద కూరలు తరిగే చెక్క పెడుతున్నాను. చెక్క చేతికి తగిలితే కింద ఇంకా వేడుందని గుర్తు. మీరూ అలాగే చెయ్యాలి.

ఆ బొబ్బ దగ్గరే దొరికిపోయాను. ఆయన మధ్యాహ్నం ఏదో కాగితం మరిచిపోయానని వచ్చేసరికి నేను కళ్ళకి గంతలతో చారు కలుపుతున్నాను.

“ఏంటీ వేషం?”

“మీ అమ్మగారి పొయ్యి పరీక్ష చేస్తున్నా.”

“చేతికేమైంది?”

చెప్పాను. కొంగు సంగతి మాత్రం చెప్పలేదు, అది మనిద్దరి మధ్యే ఉండనివ్వండి. ఆయన ఆ తువ్వాలు తీసుకుని తన కళ్ళకి కట్టుకున్నారు. టీ పెట్టారు. పంచదార బదులు ఉప్పు వేశారు గానీ, పొంగనివ్వలేదు. తాగేసి, “ఆ రోజు నేనన్న మాట తప్పని అమ్మకి రాయి” అన్నారు. “నేను రాయను, మీరే వెళ్ళి చెప్పండి” అన్నాను. ఆదివారం ఆయన మీ దగ్గరికి వస్తున్నారు. సంచి సర్దుకోమని బలవంతం చెయ్యను. ఆయన చెప్పేది విని, మీకు తోచినట్టు చెయ్యండి. కుడివైపు పొయ్యి నేను వాడుకుంటున్నాను. ఎడమవైపుది ఇప్పుడు పరీక్షలకి తప్ప ముట్టుకోను.

చాప చుట్టూ కుట్టిన గుడ్డ కొత్తది కాదు. మీరు కత్తిరించి పాతగుడ్డల బుట్టలో అడుగున దాచిన కొంగు ముక్కలో, కాలని అంచు ఇంకా మిగిలి ఉంటే దాన్నే కుట్టాను. కుట్టగా మిగిలిన కొస ఈ కాగితం మడతలో పెట్టాను. భూతద్దం పక్కన పెట్టి, వేలితో చూడండి.

ఇట్లు,
మీరు రావాలని కోరుకునే
మీ కోడలు